కప్పు మీద మా ఊరి పేరు చెరపకండి: ఫుట్‌బాల్ పెద్దలకు ఒక హైదరాబాదీ ఉత్తరం

ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నిర్వాహకులకు, మా జట్టును కొనుక్కుని ఊరు దాటించిన యజమానులకు, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలకు,

నమస్తే. జట్టును వెనక్కి తెచ్చివ్వండని అడగడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా, టెన్షన్ లేకుండా చదవొచ్చు. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి పోయింది, పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మీ లెక్కలు మీకుంటాయి. గచ్చిబౌలి స్టేడియంలో చాలా మ్యాచ్‌లకు కుర్చీలు ఖాళీగా ఉండేవన్నదీ నిజమే, నేనే ముందు వరుస కుర్చీ మీద కాళ్లు చాపుకుని చూసిన రోజులున్నాయి. ఆ విషయంలో వాదన పెట్టుకోను.

నేను అడిగేది ఒక్క నిమిషం గురించి. 2022 మార్చి 20, ఆదివారం రాత్రి, గోవాలో ఫటోర్డా స్టేడియం, ఐఎస్‌ఎల్ ఫైనల్, 88వ నిమిషం. జట్టుతో పాటు ఆ నిమిషాన్ని కూడా మూట కట్టుకుని తీసుకెళ్లారా, లేక ఇక్కడే వదిలేశారా అన్నది నాకు తేలాలి.

ఆ రాత్రి మేం ఎక్కడున్నామో చెప్తాను. లోతుకుంటలో మా తాత ఇల్లు. తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు, అప్పటికి ఎనభై నాలుగేళ్లు. హాల్లో టీవీ ముందు తాత, నేను, మా బాబాయి. మా పిన్ని కొడుకు మాత్రం బాల్కనీలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, వాడికో సెంటిమెంటు ఉంది, సెమీఫైనల్ అక్కడ నిలబడి చూస్తేనే గెలిచామట. కేరళ బ్లాస్టర్స్‌కి 68వ నిమిషంలోనే గోల్ ఇచ్చేశాం. వాళ్ల రాహుల్ దూరం నుంచి కొట్టిన బంతి, మా గోల్‌కీపర్ కట్టిమణి ఆపాల్సిన బంతే అని తాత తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. స్టేడియం మొత్తం పసుపు. విచిత్రం ఏంటంటే ఆ రోజు పసుపు చొక్కా మాది, పాయింట్ల పట్టికలో వాళ్లకంటే పైన ఉన్నాం కాబట్టి కేరళ వాళ్లే వేరే రంగు వేసుకున్నారు, కానీ స్టాండ్స్‌లో ఉన్న పసుపంతా వాళ్లది. టీవీలో మ్యూట్ పెట్టి చూస్తే మేమేదో సొంతూళ్లో ఆడుతున్నట్టే ఉంది.

ఎనభై దాటాక బాబాయి లేచి గేటుకు తాళం వేసి వస్తానని బయటికి పోయాడు. ఓడిపోతున్నప్పుడు ఆయనకు ఇంట్లో పనులు గుర్తొస్తాయి. తాత ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి అలాగే పట్టుకున్నాడు. బాక్స్ బయట పడ్డ బంతి, నేలకు తగిలి లేస్తోంది, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన మా సాహిల్ తవోరా దాన్ని అలాగే లాగి కొట్టాడు. అంతే. నెట్ కదిలింది. 1-1.

మేం అరిచిన అరుపుకి పక్కింటి ఆంటీ పరిగెత్తుకొచ్చింది. తాతకు ఏమన్నా అయిందేమో అనుకుందట. గోల్ అంటే, 'ఐపీఎల్ ఇంకా వారం ఉంది కదా' అంది. నిజమే, ఆ ఏడు ఐపీఎల్ మార్చి 26న మొదలైంది. ఆ వీధి మొత్తానికి ఆ గోల్‌కి అరిచింది మా ఒక్క ఇల్లే. దాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నాకు తర్వాత అర్థమైంది గానీ ఆ క్షణాన కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

అసలు సంగతి బాల్కనీలో జరిగింది. ఫోన్లో మ్యాచ్ టీవీకంటే అర నిమిషం వెనక వస్తుంది. వాడికి లోపల మా అరుపు వినపడింది, ఫోన్లో మాత్రం ఇంకా కేరళ వాళ్ల కాళ్ల దగ్గరే బంతి. వాడు లోపలికి రాలేదు. ఫోన్ చూస్తూ అక్కడే నిలబడ్డాడు, గోల్ వస్తుందని తెలుసు, ఎవరు కొడతారో తెలీదు, ఎటు నుంచి వస్తుందో తెలీదు. తర్వాత వచ్చి 'ఆ ముప్ఫై సెకన్లు ఉన్నాయి చూడక్కా, నా లైఫ్‌లోనే బెస్ట్' అన్నాడు. వాడికి ఇంటర్ పాసైనప్పుడు కూడా అంత సంతోషం లేదు. పాసవుతాడని ఎవరికీ నమ్మకం లేకపోవడం వల్ల కావచ్చు, అది వేరే కథ.

చాయ్ ఎవరు ఒలకబోశారన్న దాని మీద మా ఇంట్లో ఇప్పటికీ లొల్లి నడుస్తోంది. నేనే తాత చెయ్యి పట్టుకుని గుంజానని బాబాయి అంటాడు. ఆయన అప్పుడు గేటు దగ్గరున్నాడు, ఆయనకెలా తెలుసు? అయినా ప్రతిసారీ తను కళ్లారా చూసినట్టే చెప్తాడు. గోల్ కూడా అంతే, తాళం చేతిలో పట్టుకుని కిటికీలోంచి చూశానంటాడు. మా హాలు కిటికీ గేటు వైపు లేదు.

ఆ తర్వాత పెనాల్టీలు. ఇక్కడ కట్టిమణి గురించి నాలుగు ముక్కలు రాయకపోతే పాపం తగులుతుంది. గోవా మనిషి. 2015 డిసెంబర్ 20న ఇదే ఫటోర్డాలో, గోవా జట్టు గోల్‌కీపర్‌గా ఫైనల్ ఆడాడు. తన జట్టు 2-1తో ముందుంది, 90వ నిమిషం, ఇంక కప్పు ఎత్తడమే అనుకుంటుండగా బంతి అతని మీదుగా సొంత గోల్లోకి పోయింది. ఆ వెంటనే చెన్నై ఇంకో గోల్ కొట్టి 3-2తో కప్పు పట్టుకుపోయింది. సొంత రాష్ట్రం, సొంత జనం, వాళ్ల ముందు అలా. ఆరేళ్ల తర్వాత అదే గడ్డి మీద, మా చొక్కా వేసుకుని, పెనాల్టీలకు నిలబడ్డాడు. కేరళ మొదటిది లెస్కోవిచ్ కొట్టాడు, ఆపాడు. రెండోది నిషు కుమార్, ఆపాడు. రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. మాకు గుండె గొంతులోకొచ్చింది. తాత మాత్రం 'కొట్టియ్యి, ఎన్నిసార్లు కొట్టిస్తవో కొట్టియ్యి' అన్నాడు రిఫరీతో, టీవీలో ఉన్నవాడితో. రెండోసారి కూడా ఆపాడు. మధ్యలో మా సివేరియో బంతిని గోల్ మీది నుంచి పైకి లేపేశాడు, అది మరిచిపోదాం. చివర్లో జీక్సన్ సింగ్‌ది కూడా ఆపాడు. మా నార్జరీ గోల్ కొట్టాడు. 3-1. కప్పు మాది. కేరళ వాళ్లకు అది మూడో ఫైనల్ ఓటమి. మా ఆఫీసులో ఒక కొట్టాయం అబ్బాయి ఉండేవాడు, మర్నాడు సెలవు పెట్టాడు, నేనూ ఏమీ అనలేదు.

ఇంకో మాట. ఆ సీజన్‌లో హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కరోనా వల్ల ఆ ఏడాది, అంతకుముందు ఏడాది, లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. మా ఓగ్బెచే ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువగా 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు, ఒక్కటి కూడా మా కళ్ల ముందు కొట్టలేదు. 2022 అక్టోబర్‌లో జట్టు మళ్లీ గచ్చిబౌలికి వచ్చినప్పుడు ఛాంపియన్లుగా వచ్చింది. కాబట్టి మా దగ్గర ఉన్నదంతా టీవీలో చూసిందే. ఆ గడ్డి మీది మట్టి మా చెప్పులకు అంటలేదు, టికెట్ ముక్క కూడా లేదు దాచుకోవడానికి. అందుకే ఆ నిమిషం ఎవరి పేరు మీద ఉంటుందన్నది మాకు ఇంత పట్టింపు. మీకు అది రికార్డు పుస్తకంలో ఒక వరుస కావచ్చు, మాకు ఉన్నదే ఆ వరుస.

మా ఊరి ఫుట్‌బాల్ ఘనతను జనం మరిచిపోవడం ఇదే మొదటిసారి అయితే ఇంత బాధపడేదాన్ని కాదేమో. తాతను అడిగితే చెప్తాడు. 1950 నుంచి 1954 వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఐదేళ్లు. కోల్‌కతా మహామహులంతా ఉండగా. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడి పంతులు. డ్రిబ్లింగ్ చేయకూడదని రూల్ పెట్టి టోర్నమెంట్లు ఆడించేవాడు, బంతి కాలికి తగిలిన వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. బలహీనంగా ఉన్న కాలితోనే కొట్టాలని ఇంకో రూల్. ఇదంతా ఫతే మైదాన్ చుట్టుపక్కల, ఇప్పుడు ఎల్‌బీ స్టేడియం అంటున్నామే, అక్కడ. ఆయన కోచ్‌గానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఈ సంగతులు మా బాబాయి తరం వాళ్లకే సరిగా తెలీవు, మా తరం సంగతి అడగొద్దు.

తాతకు ఇష్టమైన కథ మాత్రం 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్. నా చిన్నప్పుడు దాన్ని డైనింగ్ టేబుల్ మీద ఆడి చూపించేవాడు. ఉప్పు డబ్బా గోల్‌కీపర్ తంగరాజ్. ఆయన హైదరాబాద్‌లో పుట్టినవాడే. ఎడమ చివర ఒక గ్లాసు, అది తులసీదాస్ బలరాం, 'మన అమ్ముగూడ పోరడు' అని ఆ గ్లాసును రెండుసార్లు తట్టేవాడు. అమ్ముగూడ మా ఇంటికి ఎంత దూరమని, అందుకే తాతకు ఆయన మీద పక్షపాతం. ఇంకో గ్లాసు యూసుఫ్ ఖాన్, ఆయనా హైదరాబాదే. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి బిస్కెట్లు, ఎందుకంటే వాళ్లు బెంగాల్ వాళ్లు, తినేసినా ఫర్వాలేదు. ఇక పచ్చడి జాడీ జర్నైల్ సింగ్. జాడీని ఉప్పు డబ్బా ముందు పెట్టేవాడు, ఎందుకంటే ఆయన డిఫెన్స్‌లో ఆడే మనిషి. థాయ్‌లాండ్ మీద మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ని ఏ కోచ్ అయినా కూర్చోబెడతాడు. రహీం సాబ్ ఆయన్ను సెంటర్ ఫార్వర్డ్‌గా పంపాడు. ఇక్కడ తాత జాడీని టేబుల్ మీద సర్రున ముందుకు జరిపేవాడు, నూనె ఒలికి అమ్మమ్మ చేత తిట్లు తినేవాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు, 3-2. ఫైనల్లో దక్షిణ కొరియా, గ్రూపులో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. మన అధికారి సోంధీ ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆటలకు రానివ్వలేదని నిలదీసినందుకు జకార్తా జనం మనమీద మండిపోతున్నారు, స్టేడియం అంతా కొరియా వైపే. 17వ నిమిషంలో పి.కె., 20వ నిమిషంలో జర్నైల్. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1. సెప్టెంబర్ 4. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు, 1963 జూన్‌లో పోయాడు.

తాత ఆ మ్యాచ్ చూడలేదు. ఆయన చూసింది ఆ పచ్చడి జాడీనే, ఇంకా చెప్పాలంటే ఆయనకు వర్క్‌షాపులో ఎవరో అలాగే టిఫిన్ డబ్బాలతో చూపించారట. అయినా తాత చెప్పినప్పుడు జర్నైల్ తలకు కట్టిన కట్టు నాకు కనిపించేది. 2022లో ఫైనల్ అయిపోయాక తాత లేచి వంటింట్లోకి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి టీవీ ముందు పెట్టాడు. 'ఇగో, కట్టిమణి' అన్నాడు. అరవై ఏళ్ల తర్వాత తంగరాజ్ ఉద్యోగం ఇంకొకడికి దొరికింది.

బలరాం 2023 ఫిబ్రవరి 16న పోయాడు, కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో ఉండేవాడు. పి.కె.కి, చునీకి పద్మశ్రీ వచ్చింది, ముగ్గురిలో ఆయనొక్కడికి రాలేదు. వార్త చదివి తాత ఆ రోజంతా మాట్లాడలేదు. ఆ గ్లాసు ఇంకా ఉంది మా ఇంట్లో, అంచు కొంచెం విరిగింది.

ఇక నా అసలు అడగడం. ఐఎస్‌ఎల్ విజేతల జాబితాలో 2021-22 దగ్గర హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఉండాలి, ఎప్పటికీ అలాగే ఉండాలి. పక్కన బ్రాకెట్ పెట్టి కొత్త పేరు ఇరికించొద్దు. రేపు ఢిల్లీ జట్టు బాగా ఆడి కప్పు గెలిస్తే, అది వాళ్ల మొదటి కప్పు అని రాయండి, రెండోది అని రాయొద్దు. ఢిల్లీ వాళ్లకు కూడా అదే బాగుంటుంది. మొదటి కప్పు రుచి వేరు, అది మేం చూశాం కాబట్టి చెప్తున్నాం, వాళ్లకు ఆ రుచి పోగొట్టడం ఎందుకు?

మీలో ఎవరైనా అనొచ్చు, 'మీ జట్టు మాత్రం ఎలా వచ్చింది' అని. ఒప్పుకుంటాను. 2019లో పుణె జట్టు మూతపడితేనే ఆ ఖాళీలో మాకు జట్టు వచ్చింది. ఆ రోజు నేను పుణె వాళ్ల గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, గచ్చిబౌలికి ఏ బస్సు ఎక్కాలో చూసుకున్నాను. ఇప్పుడు వాళ్ల బాధ అర్థమవుతోంది. ఆలస్యంగానైనా పుణె వాళ్లకు సారీ. కానీ మేం వాళ్ల గోల్స్‌ని మావని చెప్పుకోలేదు. మొదటి సీజన్ పట్టికలో అందరికంటే కింద నిలబడి మా సున్నా నుంచి మేమే మొదలుపెట్టాం. ఢిల్లీ వాళ్లనూ అలాగే మొదలుపెట్టనివ్వండి.

రెండో విషయం, కప్పు. అసలుది ఇవ్వలేకపోతే నకలైనా సరే, గచ్చిబౌలి స్టేడియంలో జనం తిరిగే చోట పెట్టండి. అద్దాల బీరువా మేం చందాలు వేసుకుని చేయిస్తాం, తాళం కూడా మేమే కొంటాం, గేట్లకు తాళం వేయడంలో మా బాబాయికి అనుభవం ఉంది. దాని పక్కనే ఐదు రోవర్స్ కప్పుల ఫొటో ఒకటి. స్టేడియానికి వచ్చిన పిల్లవాడికి ఈ ఊళ్లో ఫుట్‌బాల్ 2019లో పుట్టలేదని తెలియాలి. 2024 డిసెంబర్‌లో ఇదే స్టేడియంలో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగితే వెళ్లాను, బెంగాల్, కేరళ ఆడాయి, బెంగాల్ 1-0తో గెలిచింది, బాగుంది. ఆడే రెండు జట్లకూ చరిత్ర ఉందని మైకులో చెప్పారు. ఆతిథ్యం ఇచ్చిన ఊరికి ఏముందో ఎవరూ చెప్పలేదు.

మూడోది సమాఖ్య పెద్దలకు. రహీం సాబ్ దగ్గర ఆడినవాళ్లను, ఆయన మ్యాచ్‌లు చూసినవాళ్లను వెతికి, వాళ్లు చెప్పేది రికార్డు చేయించండి. బొల్లారం, అల్వాల్, మల్లేపల్లి, ఎక్కడో ఒక అరుగు మీద ఇంకా కొందరు ఉంటారు. వాళ్లు తప్పులు చెప్తారు, స్కోర్లు కలిపేస్తారు, మా బాబాయిలాగా గోడ వెనక నుంచి గోల్ చూశామంటారు. ఫర్వాలేదు, అలాగే రికార్డు చేయండి. స్కోరు పుస్తకాల్లో దొరుకుతుంది, పచ్చడి జాడీ దొరకదు. 2022 ఫైనల్ పూర్తి మ్యాచ్ వీడియో కూడా, ముక్కలు కాదు, మొత్తం రెండు గంటల పైచిలుకు, ఎప్పటికీ తీసేయకుండా ఎక్కడైనా అందరికీ అందుబాటులో పెట్టండి. అర నిమిషం ఆలస్యంగా వచ్చినా ఏం కాదు.

జట్టు ఢిల్లీ పోయిన సంగతి తాతకు చెప్పడానికి నాకు వారం పట్టింది. ఇప్పుడు ఎనభై ఏడు, చెవి సరిగా వినపడదు, పెద్దగా అరిచి చెప్పాల్సి వచ్చింది, పక్కింటి ఆంటీ మళ్లీ వచ్చింది. తాత అంతా విని, 'కప్పు కూడా కొంచవోయిన్రా?' అని ఒక్కటే అడిగాడు. తెలుసుకుని చెప్తానన్నాను. అందుకే ఈ ఉత్తరం.

జవాబు రాస్తే నా పేరుకి కాకుండా తాత పేరుకి రాయండి. ఆయన చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు, తెలుగు పేపర్ మెల్లగా కూడబలుక్కుని చదువుతాడు, ఉర్దూ అయితే గడగడా చదివేస్తాడు. అక్షరాలు మాత్రం కొంచెం పెద్దవిగా ఉండేలా చూడండి.